కత్తి పెట్టని తొమ్మిది

శనివారం పొద్దున చిన్ని తయారై ముందు గదిలోకి వచ్చేసరికి ఆమె కార్డుల పెట్టె గుర్తుపట్టలేకుండా ఉంది. ఎవరో దాన్ని గోధుమరంగు కాగితంలో చుట్టి, మూలలన్నీ కొలతపెట్టినట్టు మడిచి, నిలువుగా అడ్డంగా దారం కట్టి బల్లమీద కూర్చోబెట్టారు. ఎవరో ఏమిటి, ఆ ఇంట్లో అంత నీటుగా కాగితం మడిచే మనిషి ఒక్కడే.

"నాన్నా, ఇదేంటి?"

"దుమ్ము పడుతుందని చుట్టానమ్మా."

"పావుగంట బస్సులో ఏం దుమ్ము?"

"బస్సులోనే కదా దుమ్మంతా!" అన్నాడు తండ్రి. ఆయన మొహంలో ఏదో దాచుకున్న సంతోషం తొంగిచూస్తోంది. నలభై ఏళ్లు పుస్తకాలు బైండింగ్ చేసిన మనిషి. నవ్వు ఆపుకోవడం మాత్రం ఇంకా రాలేదు.

"ఒకసారి విప్పి లెక్క చూసుకుంటా."

"వద్దొద్దు, అక్కడే విప్పు. ముందు వాళ్లని చూడనీ."

వంటగదిలోంచి తల్లి గొంతు వినబడింది. "మీ నాన్న వేసిన ముడి విప్పడం మొదలుపెడితే సాయంత్రమవుతుంది. ఆ బస్సు కాస్తా పోతుంది. వెళ్లు, వెళ్లు!"

చిన్నికి ముప్పై మూడేళ్లు. బయట ఆమెని కళ్లద్దాలమ్మాయి అంటారు. పన్నెండేళ్లుగా ఒక కళ్లద్దాల షాపులో లెన్సులు అరగదీసి ఫ్రేముల్లో బిగించే పని చేస్తోంది. పని ఆమెది, పేరు ఓనరుది. ఇప్పుడు వీధి మలుపులో ఒక చిన్న గది ఖాళీ అయింది. చిన్ని దాన్ని చూసి వచ్చిన రోజునుంచీ నిద్రలో కూడా అక్కడ తన సొంత షాపు బోర్డు ఎక్కడ పెట్టాలో ఆలోచిస్తోంది. గది యజమాని సోమవారం దాకా ఆగుతానన్నాడు. దాచుకున్నదంతా లెన్సులు అరగదీసే మిషనుకి పోగా, గది అడ్వాన్సుకి డబ్బు చాలడంలేదు.

అప్పుడు గుర్తొచ్చాయి కార్డులు. చిన్నప్పుడు చూయింగ్ గమ్ పొట్లాల్లో వచ్చిన ఫుట్‌బాల్ ఆటగాళ్ల కార్డులు. తొమ్మిది జట్లు, జట్టుకో కవరు, అన్నీ కలిపి రెండువందల చిల్లర. గమ్ నమిలి నమిలి దవడలు నొప్పెట్టినా మానకుండా పోగేసింది. అలాంటివాటికి ఇప్పుడు మంచి ధర పలుకుతోందని ఎవరో చెబితే నమ్మలేదు. తర్వాత నెలరోజులపాటు ఫోనులో వెతికి, ఏ సంవత్సరానివో, ఏ కంపెనీవో చూసుకుని, పాతకార్డులు కొనే షాపావిడతో మాట్లాడి, అప్పుడు నమ్మింది. "ఫోటోలు చూసి ధర చెప్పలేనమ్మా, తీసుకురా. మూలలు, అంచులు ఎలా ఉన్నాయో చేత్తో చూడాలి," అందావిడ.

బుధవారం భోజనాల దగ్గర చిన్ని ఆ మాటే ఇంట్లో చెప్పింది. "అంచులు బాగుంటే ధర బాగుంటుందట. నావి కాస్త నలిగాయి, ఎంతొస్తుందో మరి." తల్లి "వస్తుందిలే" అంది. తండ్రి ఏమీ అనకుండా తింటున్నాడు. ఆయన ఏమీ అనకపోవడం ఆ ఇంట్లో మామూలే కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

పాతకార్డుల షాపు రెండో అంతస్తులో ఉంది. గాజు కౌంటరు, దానిమీద ముఖమల్ గుడ్డ, మెడ వంచే దీపం, ఒక స్టీలు స్కేలు. కౌంటరు వెనక లావుపాటి ఆవిడ, ముక్కుమీద ఒక జత అద్దాలు, నెత్తిమీద ఇంకో జత. అలవాటుకొద్దీ చిన్ని ముందు ఆ అద్దాలకేసి చూసింది. ఎడమవైపు లెన్సు సరిగా కూర్చోలేదు. ఇంకోసారి వచ్చినప్పుడు చెప్పాలనుకుంది.

"ఎవరు కట్టారమ్మా ఈ ప్యాకింగ్? విప్పబుద్ధి కావడంలేదు," అంది కార్డులావిడ.

"మా నాన్న," అంది చిన్ని కాస్త గర్వంగానే.

మొదటి కవరులోంచి మొదటి కార్డు బయటికొచ్చింది. చిన్ని కళ్లు చిట్లించింది. ఇది తన కార్డేనా? తనకి తెలిసిన కార్డుకి కుడివైపు అంచు కుచ్చులా విడిపోయి ఉండేది. ఇది నిన్న అచ్చువేసినట్టుంది. రెండోదీ అంతే. మూడోదీ అంతే.

కార్డులావిడ మొహంలో మెల్లగా వెలుగు తగ్గింది. సొరుగులోంచి అదే కంపెనీ కార్డు ఇంకోటి తీసి, చిన్ని కార్డుని దానిమీద పెట్టింది. కింది కార్డు అంచు వెంట్రుకవాసి బయటికి కనిపించింది. స్కేలు పెట్టి కొలిచింది. దీపం దగ్గరకి లాగి, భూతద్దంతో అంచు చూసింది. ఇంకో మూడు కార్డులు అలాగే చూసి, అద్దాలు తీసేసింది.

"వీటిని కోశారు," అంది.

"కోయడమేంటండీ?"

"అంచులు కోశారమ్మా. చూడు, పాతికేళ్ల కార్డుకి అంచు ఇంత తెల్లగా ఎక్కడైనా ఉంటుందా? నలిగిన కార్డుని కొత్తదని అంటగట్టడానికి చేసే పని ఇది. మా వ్యాపారంలో ఇంతకంటే పెద్ద మోసం లేదు. నలిగినా, మడతపడినా ఏదో ఒక ధర ఉంటుంది. కోసినదానికి లేదు." ఆవిడ కార్డులన్నీ కవర్లో పెట్టి పెట్టెని ఇవతలికి తోసింది. "మిగతావి చూడను. ఒక్కమాట అడుగుతా, ఏమనుకోకు. నువ్వు కోశావా, ఎవరిచేతన్నా కోయించావా?"

చిన్నికి తల కొట్టేసినట్టయింది. పక్కన ఇద్దరు కుర్రాళ్లు ఆల్బమ్ చూడడం మానేసి ఆమెని చూస్తున్నారు. ఎవరు కోశారో ఆమెకి ఆ క్షణంలోనే తెలిసిపోయింది. అంత సన్నగా, అంత తిన్నగా, ఎక్కడా చెయ్యి వణక్కుండా కోయగల మనిషి ఈ ఊరంతా వెతికినా ఇంకొకడు దొరకడు. పేరు చెబితే చాలు, తన మీద పడ్డ నింద పోతుంది. కానీ ఇందాక "మా నాన్న" అని గర్వంగా చెప్పిన నోటితోనే ఇప్పుడు ఇది ఎలా చెబుతుంది? ఆ మౌనాన్ని కార్డులావిడ తనకి తోచినట్టు అర్థం చేసుకుంది.

పెట్టె చంకలో పెట్టుకుని చిన్ని మెట్లు దిగింది. దారం, కాగితం అక్కడే వదిలేసింది.

ఇంటికొచ్చేసరికి తలుపు తీసే ఉంది. తండ్రి గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. ఎంతసేపటినుంచి నిలబడ్డాడో.

"ఏమన్నారమ్మా? చూసి ఆశ్చర్యపోయారా?"

చిన్ని పెట్టెని బల్లమీద దబ్బున పడేసింది. "ఆశ్చర్యపోయారు! నన్ను దొంగని చూసినట్టు చూశారు. ఎందుకు కోశావు నాన్నా?"

ఆయన మొహంలో నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు. పోవాలని దానికి తెలియనట్టు అక్కడే ఉండిపోయింది. "అంచులు బాగుంటే ధర బాగుంటుందన్నావు కదా..."

"బాగుండడం అంటే కోయమనా? పాతవి పాతవాటిలానే ఉండాలి. కోస్తే చిల్లిగవ్వ రాదు. ఒక్కమాట నన్ను అడగొచ్చు కదా! నోట్లో ముత్యాలేమైనా ఉన్నాయా, రాలిపోవడానికి?"

"చిన్నీ!" తల్లి వంటగదిలోంచి చేతులు తుడుచుకుంటూ పరుగున వచ్చింది. "ఏంటా మాటలు?"

"నువ్వాగమ్మా. నీకు తెలుసు కదా ఇది? తెలిసే నన్ను బస్సు ఎక్కించావు."

తల్లి తడబడింది. "తెలుసు... అవి ఎంత బాగా మెరిసిపోయాయో చూశాక నాకూ నోరు ఊరుకోలేదు, చెప్పేద్దామనుకున్నా. మీ నాన్నే ఒట్టు వేయించుకున్నారు. నిన్ను సంతోషపెడదామని..."

"సంతోషపెట్టారు! సోమవారం ఆ గది ఇంకొకళ్లకి పోతుంది. ఇంకో పన్నెండేళ్లు అదే షాపులో అదే స్టూలు మీద కూర్చుంటా. సరేనా?"

"పుస్తకానికి మూడువైపులా కోస్తేనే అది పుస్తకమవుతుందమ్మా," అన్నాడు తండ్రి నెమ్మదిగా. "కోయకముందు వట్టి కాగితాల కట్ట. నాకు తెలిసిన విద్య అదొక్కటే. ఇదీ అంతే అనుకున్నా."

ఆ మాట ఎవరి గుండెనైనా కరిగించేదే. కానీ చిన్ని కడుపు మండిపోతోంది. కడుపు మండేటప్పుడు పాత గాయాలన్నీ వరసగా నోటికొస్తాయి.

"నీకు ఎప్పుడైనా ఇవి ఏంటో తెలుసుకోవాలనిపించిందా నాన్నా? పదేళ్లప్పుడు ఒక జట్టు మొత్తం పూర్తయిందని పెట్టెతో సహా పరుగెత్తుకొచ్చాను నీ దగ్గరికి. నువ్వు తలెత్తలేదు. 'పనిలో ఉన్నా, ఆ చెత్త అవతల పెట్టు' అన్నావు. నాకింకా గుర్తుంది. అప్పుడు చెత్త అన్నావు, ఇప్పుడు నిజంగానే చెత్త చేసి ఇచ్చావు."

తండ్రి భుజాలు వంగిపోయాయి. మెల్లగా తన పనిగదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకున్నాడు.

తల్లి కూతురివైపు తిరిగింది. "అయిందా? కడుపు చల్లబడిందా?"

"నాదే తప్పంటావా?"

"నేనేమీ అనను. నువ్వన్నదాంట్లో అబద్ధం కూడా లేదు. ఆ రోజుల్లో ఆయన అలానే ఉండేవారు. స్కూళ్లు తెరిచే నెలలో రోజుకి రెండువందల పుస్తకాలు కుట్టాలి, నీ మొహం చూడ్డానికే తీరిక ఉండేదికాదు. నా మొహం సంగతి సరేసరి." తల్లి కుర్చీలో కూలబడింది. "గురువారం, శుక్రవారం రెండు మధ్యాహ్నాలూ నడుం వాల్చలేదు తెలుసా? కొత్త బ్లేడు వేసుకున్నారు. ఒక్కోటీ కోసే ముందు వెనక్కి తిప్పి అందులో రాసిందంతా చదివేవారు. ఆటగాడి ఎత్తెంత, ఎక్కడ పుట్టాడు, ఎన్ని గోల్సు కొట్టాడు, అన్నీ. చదివి నాకు చెప్పేవారు. నాకేం తెలుస్తుంది, ఊ కొట్టాను. 'ఇన్ని పోగేసిందా మన పిల్ల! ఎంత ఓపికో!' అని ఎన్నిసార్లన్నారో."

చిన్ని పెట్టె దగ్గరికి లాక్కుని, ఊరికే చేతులు ఖాళీగా ఉండలేక కార్డులు సర్దడం మొదలుపెట్టింది. మొదటి కవరులో ఒక కార్డు తగ్గింది. రెండోదాంట్లోనూ ఒకటి తగ్గింది. గబగబా అన్నీ తీసి చూసింది. ప్రతి జట్టులోనూ ఒక్కొక్కరు లేరు. ఎవరో కాదు, గోల్‌కీపర్లు.

"అమ్మా, తొమ్మిది లేవు!"

పనిగది తలుపు తెరుచుకుంది. తండ్రి బయటికొచ్చి, కూతురి ఎదురుగా కూర్చుని, చొక్కా జేబులోంచి చిన్న కాగితపు పొట్లం తీసి బల్లమీద పెట్టాడు.

"నా దగ్గరున్నాయి. వీటికి కత్తి పెట్టలేదు. పెట్టెలో కూడా పెట్టలేదు. నువ్వు తిరిగొచ్చాక, ఇవి కూడా అమ్ముతావా అని అడిగి ఇద్దామనుకున్నా."

"ఇవెందుకు కోయలేదు?"

"వెనక రాసుంది. అంచుల దాకా రాశావు. కత్తి పెడితే అక్షరాలు తెగిపోతాయి."

చిన్నికి ఏమీ గుర్తులేదు. పొట్లం విప్పి పైకార్డు తిప్పింది. పెన్సిలుతో, గీతమీద నిలబడని గుండ్రటి పిల్లరాత.

ఈయన చేతులు చాలా పెద్దవి. కానీ మా నాన్నవి ఇంకా పెద్దవి.

రెండోది తిప్పింది. ఈయన గ్లౌజులు వేసుకుంటేనే బంతి పట్టుకుంటాడు. నాన్నకి గ్లౌజులు అక్కర్లేదు.

మూడోది. ఈయన ఫైనల్లో బంతి వదిలేశాడు. నాన్న అయితే వదలడు.

అక్షరాలు మసకబారిపోయాయి. పెన్సిలు రాత చెదిరిపోయి కాదు, కళ్లు నిండిపోయి. ఎప్పుడు రాసిందో ఇప్పుడు ముక్కలు ముక్కలుగా గుర్తొస్తోంది. అప్పట్లో నాన్న పని ఈ బల్లమీదే, తను దీని పక్కన నేలమీద కూర్చునేది. కాగితాల కట్టల చాటున నాన్న మొహం కనిపించేదికాదు. కాగితాల బొత్తిని తట్టి సమం చేస్తూ, దారం లాగి బిగిస్తూ రెండు పెద్ద పెద్ద చేతులు మాత్రం కనిపించేవి. కార్డులోని గోల్‌కీపరు చేతులు చూసేది, తలెత్తి ఆ చేతులు చూసేది, తీర్పు రాసేది. తొమ్మిదిమందిలో ఒక్కడూ నెగ్గలేదు.

"నాకు తెలీదమ్మా," అన్నాడు తండ్రి. "నువ్వు అక్కడ కూర్చుని ఏదో రాసుకుంటున్నావని తెలుసు. హోంవర్కు అనుకునేవాణ్ణి. ఒక్కసారి వంగి చూసినా సరిపోయేది. నిన్న ఇవి చదివి, మీ అమ్మకి చెప్పకుండా లోపలికెళ్లి కూర్చున్నా."

"అందుకా నిన్న టీ చల్లారిపోయినా తాగలేదు!" అంది తల్లి. అని, కొంగు కళ్లకి అద్దుకుంది.

చిన్ని బల్లమీద తల పెట్టుకుంది. "దొంగని చూసినట్టు చూశారన్న కోపంతో నోటికొచ్చినట్టు అనేశాను నాన్నా."

"నిన్ను అలా చూశారా?" తండ్రి చప్పున లేచాడు. ఆయన మనసులో ఆ ముక్క అప్పుడే దిగినట్టుంది. "షాపు ఎన్నింటిదాకా తీసుంటుంది?"

"ఆరింటిదాకా. ఎందుకు?"

"చెప్పులేసుకో."

"ఇప్పుడెందుకు నాన్నా, పోనిద్దూ..."

"నా పనికి నీకు మాట పడింది. అది అక్కడ ఉండిపోకూడదు. చెప్పులేసుకో తల్లీ."

దారిలో చిన్ని పొద్దున జరిగిందంతా చెప్పింది. మళ్లీ అవే మెట్లు. రెండో అంతస్తుకి చేరేసరికి తండ్రికి ఆయాసం వచ్చింది, అయినా ఆగలేదు. కార్డులావిడ చిన్నిని చూసి కనుబొమలు ఎగరేసింది.

"అమ్మా, నేను బైండరుని," అన్నాడాయన నేరుగా కౌంటరు దగ్గరికెళ్లి, అందరికీ వినబడేలా. "కార్డులు కోసింది నేను. మా అమ్మాయికి తెలియదు. ప్యాకెట్టు నేనే కట్టి, విప్పొద్దని చెప్పి పంపాను. మోసం చేద్దామని కాదు, తెలియక. పొద్దున మా అమ్మాయి నా పేరు మీకు చెప్పలేదట. అందుకే చెప్పడానికి వచ్చాను."

కార్డులావిడ ఆయన్ని చూసింది, చిన్నిని చూసింది. నెత్తిమీది అద్దాలు సవరించుకుంది. "ఆ ప్యాకింగ్ చూసినప్పుడే అనుకోవాల్సింది," అంది. తర్వాత చిన్నితో, "నేను తొందరపడ్డానమ్మా," అంది.

చిన్ని తొమ్మిది కార్డులూ ముఖమల్ గుడ్డమీద వరసగా పెట్టింది. ఆవిడ ఒక్కోదాన్నీ స్కేలుతో కొలిచి, భూతద్దంతో చూసి, చివరికి వెనక్కి తిప్పింది. చదవడానికి చాలాసేపు పట్టింది. వ్యాపారం చూసే కళ్లు కాస్తా మధ్యలో ఎక్కడో మామూలు కళ్లయిపోయాయి.

"గోల్‌కీపర్లని ఎవరూ దాచుకోలేదమ్మా. గోల్సు కొట్టేవాళ్లే కావాలి అందరికీ. వీళ్లని గోడలకి అంటించేశారు, పారేశారు. అందుకే ఇవి దొరకడం కష్టం. వెనక రాత ఉంది కాబట్టి సగమే ఇవ్వగలను. ఆ సగమూ తక్కువేమీ కాదు." ఒక కాగితంమీద అంకె వేసి చూపించింది. అడ్వాన్సు లోటు పూర్తిగా తీరదు గానీ, సోమవారం గది యజమాని ముందు నిలబడి మాట్లాడగలిగేంత ఉంది.

"ఏవీ, ఒకసారి ఆ చేతులు చూపించండి," అంది కార్డులావిడ తండ్రితో.

ఆయన సిగ్గుపడి చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. చిన్ని మోచేత్తో పొడిస్తే ఒక చెయ్యి తెచ్చి కౌంటరు మీద పెట్టాడు. దారం కోసుకుని గట్టిపడిన వేళ్లు, జిగురుతో గీతలు అరిగిపోయిన అరచెయ్యి. అప్పటికంటే సన్నబడింది, కాస్త వణుకుతోంది కూడా. కత్తి పట్టినప్పుడు మాత్రం వణకదు. కార్డులావిడ కార్డుని పక్కన పెట్టి చూసి, "పాప సరిగ్గానే రాసింది," అంది.

ఎనిమిది కార్డులు చిన్ని ఇచ్చేసింది. తొమ్మిదోది చేతిలోనే ఉండిపోయింది. దాని వెనక ఇలా ఉంది. ఈయన చెయ్యి కొంచెం నాన్న చెయ్యిలా ఉంది. ఇది ఎవ్వరికీ ఇవ్వను.

"తొందరేం లేదు, ఆలోచించుకో," అంది కార్డులావిడ. "సెట్టు మొత్తం ఉంటేనే నేను చెప్పిన ధర. కానీ ఇలాంటిది వదులుకోవడం..."

చిన్ని తండ్రివైపు తిరిగింది. ఈ ఒక్కటీ ఉంచుకుంటాను, గది లేకపోయినా పర్వాలేదు, అని చెప్పేయాలనిపించింది. ఆయన ఆమె మొహం చూసి ఆ మాట ముందే విన్నట్టున్నాడు.

"ఇచ్చెయ్యమ్మా," అన్నాడు. "నేను చదివేశాను కదా."

చిన్ని తొమ్మిదో కార్డు కౌంటరు మీద పెట్టి ఆవిడవైపు జరిపింది. తర్వాత తండ్రి చేతిని రెండు చేతులతో పట్టుకుని, షాపులో అందరూ చూస్తున్నా సిగ్గుపడకుండా ఏడ్చింది.